రాణిగారి కోమా

రాణిగారిని కోమాలో పెట్టారు. అయ్యో పాపం అని కంగారు పడకండి, ఆవిడకేం కాలేదు, నిక్షేపంలా ఉంది. పెట్టింది డాక్టర్లు కాదు, టీవీ సీరియల్ దర్శకుడు. సాయంత్రం ఏడున్నరయ్యేసరికి ఊరంతా పనులు మానుకుని కూర్చుని చూసే సీరియల్ అది. అందులో ఆవిడది నాయనమ్మ వేషం. ఒక సోమవారం నాయనమ్మ మెట్ల మీంచి దొర్లిపడినట్టు, ఆసుపత్రిలో చేర్చినట్టు, ఇక కళ్ళు తెరవనట్టు రాసిపారేశారు. దొర్లడం కూడా ఆవిణ్ణి దొర్లనివ్వలేదు. ఒక చెప్పు మెట్ల మీద పడేసి, దాన్ని దగ్గరగా చూపించి, వెనకనుంచి ఒక కేక వేయించారంతే. ఆ కేక మాత్రం రాణిగారిదే, ఒకే టేకులో అయిపోయింది.

అసలు సంగతి ఏమిటంటే, ఆవిడకి మాటలు గుర్తుండడం మానేశాయి. అరవై మూడేళ్ళు వచ్చాక ఎవరికి గుర్తుంటాయిలెండి! ఓ రోజు మూడు ముక్కల డైలాగుకి పదమూడు టేకులు తిన్నది. పదమూడోసారి సీరియల్లో పెద్దకొడుకుని పట్టుకుని, ముప్పై ఏళ్ళ కిందటి సినిమాలోని కొడుకు పేరుతో పిలిచేసింది. సెట్టంతా పగలబడి నవ్వింది. దర్శకుడు మాత్రం నవ్వలేదు. మర్నాటికల్లా మెట్లూ చెప్పూ సిద్ధమయ్యాయి.

రాణిగారన్నది ఆవిడ అసలు పేరు కాదు. రెండో సినిమాలో రాణి వేషం వేసింది, అప్పట్నించీ అందరికీ రాణిగారే. పదిహేడో ఏట కెమెరా ముందుకొచ్చింది. వరసగా పదకొండు సినిమాల్లో కథానాయిక. ఆవిడ ఫొటో ఉన్న క్యాలెండర్ కోసం జనం కొట్లాడుకున్న రోజులున్నాయి. ముప్పై ఒకటి నిండాయో లేదో, ఏ మహానుభావుడికి తోచిందో గానీ, ఆవిడ జుట్టుకి తెల్లరంగు పూసి తల్లిని చేసేశారు. ఎవరికి తల్లి? అంతకు ముందు మూడు సినిమాల్లో ఆవిడ వెంటపడి పాటలు పాడిన హీరోకే! ఆవిడ కన్నా నాలుగేళ్ళు పెద్దవాడు. వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని "నా చిట్టి తండ్రీ" అని తల నిమిరింది. చిట్టి తండ్రి బరువుకి రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి, షాట్ అయ్యాక ఇద్దరు పట్టుకుని లేపాల్సొచ్చింది. సిగ్గుండొద్దూ మనుషులకి!

అలా తెర మీద నలభై రెండు మంది కొడుకుల్ని, పాతికమంది కూతుళ్ళని కన్నది. ఇంట్లో మాత్రం ఒక్కరూ లేరు. భర్త కెమెరామాన్, మంచివాడు, ఆయన పోయి పందొమ్మిదేళ్ళు. మూడో అంతస్తులో రెండు గదులు, కిటికీలోంచి చూస్తే ఎదుటి మేడ వెనక గోడ. ఎదురింటావిడ మెట్ల మీద తగిలితే తల ఊపుతుంది, అంతే. ఆదివారం షూటింగు ఉండదు. సోమవారం పొద్దున బస్సులో టికెట్ అడగబోతే గొంతు బొంగురుపోయి ఉండేది. ముందురోజంతా తను ఒక్క మాటైనా మాట్లాడలేదని అప్పుడు గానీ తెలిసేది కాదు.

అందుకే కోమా అనగానే ఆవిడ తిన్నగా మేకప్ గదికి వెళ్ళింది.

"ఇక నన్ను చంపేస్తారా తమ్ముడూ?" అనడిగింది మేకప్ ఆయన్ని. ఆయన ఆవిడ మొహానికి ముప్పై ఏళ్ళుగా రంగులు వేస్తున్నాడు. ఆ మొహంలో ఏ గీత ఎప్పుడు వచ్చిందో ఆవిడకన్నా ఆయనకే బాగా తెలుసు.

"ఛ, ఊరుకో అక్కా. కొన్నాళ్ళు పడుకోబెట్టి లేపుతారు. ఈ సీరియల్ వాళ్ళకి ఇదో రోగం," అన్నాడాయన. అన్నాడే గానీ, ఆవిడ కళ్ళలోకి చూడలేదు.

చస్తే వేషం పోతుంది. వేషం పోతే వారానికి ఏడూ ఆదివారాలే. ఆవిడ భయమల్లా అదే, వేరే ఏం లేదు.

సరే, పడుకుంది. పడుకోవడమేగా అనుకుంటారు చూడని వాళ్ళు. లైట్ల వేడికి మూసిన రెప్పలు అదిరిపోతాయి. అదరకుండా ఉండాలంటే రెప్పల లోపలే చూపుని ముక్కు వైపు దించి ఉంచాలి. దుప్పటి లేచి పడకుండా ఊపిరి కడుపులో దాచుకుని కొంచెం కొంచెం వదలాలి. ఈగ వాలినా సరే, మనది కాదన్నట్టు ఊరుకోవాలి. మొదటి వారం రాణిగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. నేనేంటి, ఈ బొమ్మలా పడుండడమేంటి అని మేకప్ గదిలో గొణిగేది.

అయితే ఈ సీరియళ్ళలో ఓ పద్ధతుంది. ఇంట్లో ఒకరు కోమాలో పడ్డారంటే, మిగతా వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి మంచం పక్కన కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కుతారు. చూసేవాళ్ళకి వాళ్ళ మనసులో ఏముందో తెలియాలి కదా మరి! పెద్దకొడుకు వచ్చి వ్యాపారంలో చేసిన మోసం చెప్పుకున్నాడు. కోడలు వచ్చి "మిమ్మల్ని ఎప్పుడూ అమ్మలా చూడలేదు, క్షమించండి" అని ఏడ్చింది. మనవరాలు వచ్చి ప్రేమించినవాడి సంగతి చెప్పింది. వచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడ చెయ్యి పట్టుకునేవారు. పట్టుకోవాలని కాగితం మీద రాసుండేది.

అదంతా నటనేనని రాణిగారికి తెలీదా? ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుసు! "కట్" అన్న మరుక్షణం కొడుకు ఆ చెయ్యి వదిలేసి, సిగరెట్టు వెతుక్కుంటూ బయటికి పోయేవాడు. కానీ పట్టుకున్నంతసేపూ అరచెయ్యి వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనం ఎవరూ రాసిచ్చింది కాదు. పందొమ్మిదేళ్ళుగా తనని ఇంతసేపు ఎవరూ పట్టుకోలేదని ఆవిడకి ఆ మంచం మీదే తట్టింది. తట్టాక తట్టుకోవడం కష్టమైంది.

రెండో నెలకి ఆవిడ అందరికన్నా ముందు సెట్టుకి రావడం మొదలెట్టింది. మంచి సబ్బుతో చేతులు కడుక్కుని, దుప్పటి మీద కుడి చెయ్యి బయట పెట్టుకుని, పిలవకముందే పడుకునేది. "రాణిగారికి కోమా బాగా ఒంటబట్టింది," అని లైట్లవాళ్ళు మేలమాడారు.

ఓ రోజు పెద్దకొడుకు సీను. వాడొచ్చి కూర్చుని, చెయ్యి అందుకుని, "అమ్మా, వచ్చానమ్మా. పొద్దున్నించీ ఒక్కదానివే ఉన్నావా?" అన్నాడు. అంతే డైలాగు. రాణిగారి ఎడమ కంటి కొసనుంచి నీళ్ళు జారి చెవిలోకి పోయాయి.

"కట్! కట్!" దర్శకుడు నెత్తి కొట్టుకున్నాడు. "కోమాలో ఉన్నావిడ ఏడుస్తుందా అమ్మా! మీరు చెయ్యని వేషం లేదు, మీకు నేను చెప్పాలా?"

"పొరపాటైపోయింది బాబూ," అందావిడ. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నలభై ఆరేళ్ళ సర్వీసులో ఏడవమన్నప్పుడు ఏడవకపోవడం లేదు, వద్దన్నప్పుడు ఏడవడమూ లేదు. మేకప్ ఆయన వచ్చి తుడిచాడు. రెండో టేకులోనూ అదే. మూడోసారీ అంతే.

రచయిత సెట్టులో ఓ మూల నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాల కుర్రాయన, ఎప్పుడూ గోళ్ళు కొరుకుతుంటాడు. "ఆగండాగండి, ఇది ఉంచేద్దాం!" అని ఎగిరి గంతేశాడు. "కొడుకు మాటకి తల్లి కన్నీరు! ఆవిడ లేవబోతోంది! ఇంతకాలం అన్నీ వింటూనే ఉంది!"

శనివారం ఆవిడ చేతిలో నాలుగు పేజీలు పెట్టాడు. కళ్ళు తెరిచే సీను. పాతికేళ్ళలో ఆవిడకి అంత పెద్ద డైలాగు ఎవరూ రాయలేదు. మేకప్ ఆయన ఆనందం పట్టలేక, "చెప్పలేదా అక్కా, లేపుతారని!" అని రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. పదమూడు టేకుల భయం ఆవిడని ఇంటిదాకా తరిమింది. ఆదివారం గోడకేసి తిరిగి చదువుతూ కూర్చుంది. విచిత్రం, మధ్యాహ్నానికల్లా నాలుగు పేజీలూ నోటికొచ్చేశాయి.

అప్పుడు తీరిగ్గా, పేజీల అంచున సన్న అక్షరాలతో రాసిన సూచనలు చదువుకుంది. సోమవారం పొద్దున్నే రచయిత గది తలుపు తట్టింది.

"ఏమ్మా, మాటలు ఎక్కువయ్యాయా? తగ్గిస్తాలెండి," అన్నాడాయన.

"మాటలకేం, వచ్చేశాయి బాబూ." నిలబడే మొత్తం చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. రచయిత గోళ్ళు కొరకడం మర్చిపోయి విన్నాడు.

"అబ్బ, చంపేశారమ్మా! ఇంకేం కావాలి!"

"అది కాదు గానీ... నేను కళ్ళు తెరవగానే అందరూ ఒక్కొక్కరే గదిలోంచి వెళ్ళిపోతారని రాశావు. ఈ మాటలన్నీ నేను గోడకి చెప్పాలా?"

"మరి అదే కదమ్మా దెబ్బ! మీకందరి గుట్టూ తెలిసిపోయింది. ఇక ఇంట్లో ఎవరూ మీ దగ్గరికి రారు. మిమ్మల్ని చూస్తేనే హడలిపోతారు. మీ గది, మీ కుర్చీ, మీరు. ఏడాది పాటు కథంతా మీ చుట్టూనే!"

రాణిగారు కుర్చీ అంచున కూర్చుంది. "పోనీ, ఇంకొన్నాళ్ళు పడుకుని ఉండనా?"

"కుదరదమ్మా. ఆ ముసలావిణ్ణి లేపుతారా, చంపుతారా అని ఉత్తరాల మీద ఉత్తరాలు. ఈ వారంలో ఏదో ఒకటి తేల్చాలి."

"చంపితే ఎలా రాస్తావు?"

రచయితకి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు గానీ, వృత్తి కదా, హుషారొచ్చింది. "అబ్బో, అది పెద్ద సీను! కొడుకు తల దగ్గర. కోడలు పాదాలు పట్టుకుని. మనవరాలు మీ చెయ్యి చెంపకి ఆనించుకుని. ఇంటిల్లిపాదీ మంచం చుట్టూనే. తియ్యడానికి రోజంతా పడుతుంది."

"రోజంతానా?"

"పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం దాకా."

"మధ్యలో ఎవరూ వెళ్ళిపోరు కదా?"

"ఎలా వెళ్తారమ్మా, చావుసీనులో!"

"అయితే అదే రాసేయ్ బాబూ," అందావిడ.

రచయిత బిత్తరపోయాడు. "అదేంటమ్మా! ఏడాది వేషం చేతులారా పోగొట్టుకుంటారా? ఆ తర్వాత ఏం చేస్తారు?"

రాణిగారు చేతిలో ఉన్న నాలుగు పేజీలూ సరిచేసి, ఆయన బల్ల మీద పెట్టింది. తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది.

"రెండు రోజులు పట్టేలా రాయకూడదూ?" అంది. "నేను నెమ్మదిగా పోతాను."