వదులైన కట్లు

రాఘవమ్మ పిన్ని పోయిన నాలుగో నెలలో, ఒక ఆదివారం, నేను మళ్ళీ వాళ్ళింటికి మనుషులను తీసుకెళ్ళాను.

నాది చిన్న పని, ఊళ్ళు చూడాలని వచ్చే వాళ్ళను తిప్పి చూపించడం. నల్లపాడు నుంచి వ్యాను బయలుదేరుతుంది. మోటుపల్లిలో పాత రేవు ఉండిన చోటు, అక్కడి గుడి చూపిస్తాను. తర్వాత చీరాల పక్క నేతవాళ్ళ వీధిలో పిన్ని భర్త యలమందయ్య బాబాయి మగ్గం. చుట్టరికం లేదు, పిలుపులే. మధ్యాహ్నం ఆ ఇంట్లోనే సముద్రపు చేపల పులుసుతో భోజనం. మోటుపల్లిలో చూడడానికి ఇసుకే ఎక్కువ, కాబట్టి అందరికీ గుర్తుండిపోయేది బాబాయి ఇల్లే.

ఆ ఇంట్లో తేలియా రుమాళ్ళు, తలకు చుట్టుకోవడానికీ భుజాన కప్పుకోవడానికీ వాడే చదరపు గుడ్డలు, నేస్తారు. నూలుకు రోజుల తరబడి నూనె, ఆముదపు కాయల బూడిద నీళ్ళు పట్టిస్తారు. తర్వాత బొమ్మ ప్రకారం నూలు మీద అక్కడక్కడా సైకిల్ ట్యూబు పీలికలు బిగించి కడతారు. రంగులో ముంచితే కట్టు కింద తెలుపు మిగులుతుంది. కట్లు వేసేది పిన్ని, నేసేది బాబాయి. ముప్పై ఏళ్ళు ఒకే గదిలో, ఆయన మగ్గం గుంటలో కూర్చుని, ఆమె గోడకు ఆనుకుని.

ఆమె కట్టిన ఆఖరి నూలు దూలానికి తెల్లగుడ్డలో వేలాడుతూ ఉండేది. రంగు వేయడం అయింది, కట్లు విప్పలేదు. ఆమె ఆసుపత్రికి వెళ్ళే ముందు వారం ఆయనే ముంచి ఆరేశాడు. ఆ తర్వాత దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ రోజు వచ్చిన ఎనిమిది మందిలో శ్రీదివ్య అని గుంటూరు కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ ఉంది. ఖాళీ మగ్గం చూసి, "ఏం హయాత్ గారూ, కట్లు విప్పడం చూపిస్తానన్నారు? ఇక్కడ విప్పడానికి మా చెప్పులు తప్ప ఏమీ లేవే!" అంది. అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

బాబాయి దగ్గరికి వెళ్ళి మెల్లగా అన్నాను. "బాబాయ్, అది విప్పుదామా?"

"ఏదిరా?"

నేను పైకి చూశాను. ఆయన చూడలేదు.

"ఎన్నాళ్ళని అట్టా ఉంచుతావ్? విప్పి నేస్తే నీ మనసు తేలికపడుద్ది. పిన్ని పని పదిమందీ చూస్తారు."

ఆ మాట ఆయన మేలు కోరి అన్నానని ఆ క్షణంలో నిజంగానే నమ్మాను. మనిషి తన అవసరానికి ఎంత తొందరగా దయ అని పేరు పెట్టుకుంటాడో నాకు అప్పుడు తెలియదు. ఆయన గడపలో కూర్చున్న ఎనిమిది మందినీ చూశాడు. ఇంటికొచ్చిన వాళ్ళు నోరు తెరిచి అడిగింది లేదనడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

"దింపు," అన్నాడు.

నేనే దింపాను. ఆయన నూలును గోడకున్న రెండు మేకులకు సాగదీసి కట్టి, చిన్న బ్లేడుతో మొదటి కట్టు కోశాడు. ముదురు ఎరుపు మధ్య తెల్లటి చుక్క బయటపడింది. అంచు గీత గీసినట్టుంది. శ్రీదివ్య చప్పట్లు కొట్టింది. రెండోది, మూడోది, పదోది. ఆయన ముఖంలో ఏదో కదిలింది. "చూశారామ్మా, మా ఆడది కడితే నీళ్ళు గూడా దూరవు," అన్నాడు.

సగం దాటాక ఒక తెలుపు అంచు కాస్త గులాబీగా ఉంది. ఆయన బ్లేడు ఆపాడు. తర్వాతి కట్టు విప్పాడు. అదీ అంతే. ఆ తర్వాతవి ఇంకొంచెం, ఇంకొంచెం. చివరి వరసలో తెలుపు దాదాపు లేదు. పీలిక ఉన్న చోటు కనిపెట్టాలంటే వెతకాలి.

"అబ్బ, ఈ షేడ్ ఎంత బావుందో! కావాలని చేశారా?" అంది శ్రీదివ్య.

"ఆ," అన్నాడు బాబాయి.

వాళ్ళు ఫొటోలు తీసుకుని, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. ఆయన నూలు దగ్గరే ఉన్నాడు. వేలితో వరసలు ఒక్కొక్కటీ తడుముతూ వెనక్కి వెళ్ళాడు. మొదటి గులాబీ అంచు దగ్గర ఆగాడు.

"రోజుకి ఒక వరస కట్టేది," అన్నాడు. "ఇక్కణ్ణించి లెక్కేస్తే... దసరాకి ముందేరా. నలభై రోజులు. చేతిలో బలం లేక రబ్బరు బిగియలా. రంగు లోపలికి పాకింది."

నొప్పి ఉందని పిన్ని చెప్పింది దీపావళి వెళ్ళాక, పడిపోయిన రోజున. అప్పటికే ఆలస్యమైందని డాక్టరు అన్నాడు.

"పక్కనే ఉండా," అన్నాడాయన. "ఏందే, కట్లు కడతన్నావా, పూలు కడతన్నావా, ఇంత నెమ్మదేందని ఎగతాళి చేశా. నవ్వింది."

ఆ నాలుగు నెలలూ ఆయన దగ్గర ఒక దుఃఖమే ఉంది. జబ్బు ఉన్నట్టుండి వచ్చి ఆమెను తీసుకుపోయిందన్న దుఃఖం. అందులో ఆయన తప్పు లేదు. దాన్ని తీసేసి, ఆయన చేతిలో నేను ఇంకొకటి పెట్టాను. నలభై రోజులు పక్కన కూర్చుని చూడలేదన్నది.

"కోటేశ్వరికి చెప్పబాకు," అన్నాడు.

కోటేశ్వరక్క వాళ్ళ కూతురు. చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో పని. నేను మనుషులను తెచ్చే రోజుల్లో వంట చేయడానికి వస్తుంది. కట్ల పని ఆమె నేర్చుకోలేదు. తల్లే నేర్పలేదు, చేతులు పాడవుతాయని.

అందరూ బంతికి కూర్చున్నారు. పులుసు వడ్డిస్తూ ఆమె గోడ వైపు చూసి, గరిటె పట్టుకునే ఆగిపోయింది.

"విప్పారా! అమ్మదేనా?"

"అమ్మదే," అన్నాన్నేను.

"ఎట్టా వచ్చిందిరా, హయాతూ? ఆ చివర ఆ రంగేంది?"

బాబాయి విస్తరి వైపు చూస్తున్నాడు.

"పిన్ని కొత్తగా ప్రయత్నం చేసిందక్కా. తెలుపు మెల్లగా ఎరుపులో కలిసేటట్టు. అట్టా కట్టడం చాలా కష్టం."

"అవునండీ, అదే అన్నింటికన్నా అందంగా ఉంది," అంది శ్రీదివ్య.

కోటేశ్వరక్క కళ్ళు తుడుచుకుంది. "చూడు, ఆఖర్లో గూడా కొత్తది చేయాలని అమ్మకి యావ. నాన్నా, అది ఎవరికీ ఇయ్యబాకు. నాకు నేసియ్యి. నేను కప్పుకుంటా."

నేస్తే ఆ నూలు పోగు పోగూ ఆయన కళ్ళ కింద నుంచే పోవాలి. పదిహేను రోజుల పని. వద్దంటే కారణం చెప్పాలి. నేను ఆయన వైపు చూశాను. ఏదో ఒకటి అనమని నన్ను అడుగుతున్నట్టే చూశాడు. నేను అన్నం కలుపుకున్నాను.

"నేస్తాలే అమ్మా," అన్నాడు. "వాళ్ళకి ఇంకో ముక్క వెయ్యి."