పొద్దున్నే నింపిన గడి

మధ్యాహ్నం పన్నెండు దాటిన పది నిమిషాలకు నాగప్పను ప్లైవుడ్ చెక్క మీద పడుకోబెట్టి కిందికి దించారు. ఖతార్‌లో అది జూలై నెల. లుసైల్‌లో కడుతున్న భవనం కప్పు మీద తారు షీట్లు అతికిస్తూ అతను కూలిపోయాడు. అతనితో పనిచేసే గౌస్ మొహియుద్దీన్ ఆ తలను ఒళ్ళో పెట్టుకుని సీసాలోని నీళ్ళన్నీ పోశాడు. నీళ్ళు చెవుల పక్కగా జారిపోయాయి. అంబులెన్స్ వచ్చేసరికి గౌస్ నీళ్ళు పోయడం మానేసి, ఆ తలను ఊరికే పట్టుకుని కూర్చున్నాడు.

వేసవిలో పది నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టం. ఆ కప్పు చుట్టూ పచ్చ వల కట్టి ఉంది. రోడ్డు మీద తనిఖీకి వచ్చేవాళ్ళకు పైన మనుషులున్నదీ లేనిదీ తెలియదు.

టైమ్‌కీపర్ జడ్సన్ ఇదంతా తన ఇనప గది కిటికీలోంచి చూశాడు. చూసి, బల్ల మీది హాజరు షీటు వైపు తిరిగాడు. నాగప్ప పేరుకు ఎదురుగా 'రెస్ట్' గడిలో పది నుంచి మూడున్నర అని రాసి ఉంది. పక్కన నాగప్ప సంతకం ఉంది. రాత జడ్సన్‌దే. పొద్దున ఐదింటికి, బస్సెక్కే ముందు, అందరి గడులూ నింపి సంతకాలు తీసుకోవడం అతని అలవాటు. మధ్యాహ్నం ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ తిరగలేక రెండు వేసవుల కిందట మొదలుపెట్టిన సౌకర్యం అది. ఆ సౌకర్యం ఇంకెవరికి పనికొస్తోందో అతను ఏనాడూ ఆలోచించలేదు.

జేమ్స్ ఫోను చేశాడు. కూలీలను సప్లై చేసే కంపెనీ జేమ్స్‌ది. తెలుగు క్రైస్తవ సహవాసానికి పెద్ద కూడా ఆయనే.

"షీటులో ఏముందో అదే చెప్పు బ్రదర్. రెస్టులో ఉండగా గుండె ఆగింది. అంతే."

జడ్సన్ ఒకప్పుడు నరసాపురం దగ్గర మిషను బడిలో లెక్కలు చెప్పేవాడు. కరోనా వచ్చిన ఏడాది అతని భార్య మోనికా అక్కడి ఆసుపత్రిలో పోయినప్పుడు, ఖతార్ నుంచి వెళ్ళడానికి విమానాలు లేవు. సమాధి కార్యక్రమం ఫోనులో చూశాడు. ఆ రోజుల్లో సహవాసం వాళ్ళు వంతులు వేసుకుని అన్నం తెచ్చిపెట్టారు. జేమ్స్ తన ఇల్లు వదిలి వచ్చి వారం రోజులు అతని మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. అలాంటి మనిషిని కాదనడం జడ్సన్‌కు చేతకాలేదు. పొద్దున పనులు పంచేటప్పుడు "మనవాళ్ళని కిందికి వెయ్యి" అని జేమ్స్ అంటే, అలాగే వేశాడు. సహవాసం వాళ్ళు సెల్లార్లో టైల్స్ వేసేవారు. నారాయణపేట, పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు కప్పు మీదికి వెళ్ళేవారు.

శుక్రవారం సెలవు కాబట్టి అక్కడ ఆరాధన ఆ రోజే. ప్రార్థన అవసరాలు చీటీల మీద రాసి డబ్బాలో వేస్తే జేమ్స్ చదువుతాడు. ఒకరికి మూడోసారికి డ్రైవింగ్ టెస్టు పాసయినందుకు స్తోత్రం చెప్పారు. ఒకరి చెల్లెలి వీసా కోసం అందరూ మోకరించారు. నాగప్ప కుటుంబం కోసం అని జడ్సన్ రాసిన చీటీ వచ్చినప్పుడు జేమ్స్ దాన్ని మనసులో చదువుకుని కట్ట అడుగున పెట్టాడు.

ఆ చీటీ ఎందుకు చదవలేదని భోజనాల దగ్గర జడ్సన్ అడిగాడు. జేమ్స్ కోప్పడలేదు.

"ఆయన మనోడు కాదు కదా బ్రదర్. బయటివాళ్ళవి మొదలెడితే అంతుంటదా?"

"పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం కూడదని పోయిన వారం మీరే చెప్పారు, అన్నా."

"చెప్పాను. నీ పొరుగువాణ్ణి నేను. నువ్వు ఏడ్చిన రోజుల్లో పక్కన పడుకుంది నేను."

 ఆయన చెప్పింది నిజం. జడ్సన్ విస్తరి మడిచి బయటికి వచ్చాడు. ఆ రోజు అతనితో ఎవరూ కారెక్కమని అనలేదు.

సాయంత్రం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. నాగప్ప భార్య మాణెమ్మ. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకు దుబాయే.

"సారూ, మా ఆయన దుబాయ్‌ల నిద్రల పోయిండని కంపెనోళ్ళు చెప్తున్రు. పగటిపూట పండుకునే మనిషి గాదు సారూ. ఎండల పోయిండా? పక్కన ఎవలన్న ఉన్నరా?"

కనుక్కుని చెబుతానన్నాడు జడ్సన్.  మోనికా పోయినప్పుడు అతను కూడా ఆసుపత్రికి ఫోను చేసి, పక్కన ఎవరైనా ఉన్నారా అనే అడిగాడు. కనుక్కుని చెబుతామన్నారు. ఈ రోజుకూ చెప్పలేదు.

మరునాడు డ్యూటీ దిగాక సనయ్యా అనే పారిశ్రామిక వాడలోని క్యాంపు మెస్సులో కూలీలు కూడారు. జడ్సన్ తలుపు దగ్గర నిలబడగానే మాటలు ఆగిపోయాయి.

"అయ్యగారొచ్చిండు. ప్రార్థన జేస్కొని పోతడు, కుర్సీ ఎయ్యుండ్రి" అన్నారెవరో. కొందరు నవ్వారు.

నాగప్ప పనిలోనే చనిపోయాడని లేబర్ ఆఫీసుకు రాయాలని గౌస్ వాదిస్తున్నాడు. గుంపుగా కదిలితే ఇంటికి పంపేస్తారని భయపడేవాళ్ళు భయపడుతున్నారు. మన సంతకం మీదనే రెస్ట్ అని ఉంటే మన మాట ఎవరు నమ్ముతారని ఒక ముసలి మేస్త్రీ అన్నాడు. అప్పుడు జడ్సన్ చెప్పాడు. ఆ గడులు పొద్దున్నే నింపేది తానేనని, పైకి ఎవరు పోవాలో రాసేదీ తానేనని, దాచకుండా చెప్పాడు.

 గౌస్ అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"గీ సంగతి దేవునికి చెప్పుకున్నవా?"

"చెప్పుకున్నాను."

"ఆయన ఆఫీసుకొచ్చి సాక్ష్యం చెప్తడా, సాబ్? గీడ నువ్వు పెట్టు సంతకం."

జడ్సన్ పెట్టాడు. అతని తర్వాత అరవై ఒక్కమంది పెట్టారు. క్షమించామని ఒక్కరూ అనలేదు. అతనికి చాయ్ మాత్రం ఒకరు తెచ్చి ఇచ్చారు. సహవాసం కుర్రాళ్ళు తొమ్మిది మంది తమ గదుల తలుపులు వేసుకునే ఉన్నారు.

తెల్లవారి బస్సు వచ్చింది. ఎవరూ ఎక్కలేదు. ఎండ ఎక్కకముందే జేమ్స్ కారు దిగాడు. పరుషంగా ఒక్క మాటా అనలేదు. మనవాళ్ళు ఎక్కండి అన్నాడు. తొమ్మిది మందీ తలలు దించుకుని బస్సు దగ్గరికి నడిచారు. ముందున్న ఏబెల్ చేతికి జేమ్స్ హాజరు షీటు ఇచ్చాడు.

"ఇవాళ్టి నుంచి నువ్వే టైమ్‌కీపర్‌వి. నేనే నింపుకొచ్చాను, సంతకాలు తీసుకో చాలు."

ఏబెల్ ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి షీటు చూశాడు. రెస్ట్ గడులన్నీ నిండి ఉన్నాయి.

"అన్నా, ఆ రోజు నేను కింద ఉన్నాను" అన్నాడు. "జడ్సన్ గారు నా పేరు పైన రాసుంటే, పోయింది నేనైనా మీరు ఇలాంటి షీటే చూపించేవారా?"

"నువ్వు మనోడివిరా."

"నాగప్ప నాకు తాడు కట్టడం నేర్పాడన్నా."

ఏబెల్ కాలు దించాడు.

కాసేపటికి క్యాంపు కాపలా వాళ్ళు వ్యాను తెచ్చి, ఇంటికి పంపేయడానికి జడ్సన్‌నూ గౌస్‌నూ ఎక్కించారు. ఇద్దరి పాస్‌పోర్టులూ జేమ్స్ చేతిలో ఉన్నాయి. సంతకాల కాగితం ఫొటో మాత్రం రాత్రే లేబర్ ఆఫీసుకు వెళ్ళిపోయింది. జేమ్స్ వ్యాను కిటికీ దాకా వచ్చి తిరిగి వెళ్ళాడు. జడ్సన్‌కు ఆ వీపు చూస్తే ఆనాడు నేల మీద పరుచుకున్న పక్క గుర్తొచ్చింది. ఇక ఆ ఊళ్ళో తన గురించి ప్రార్థన చేసే ఇల్లు లేదు.

ఫోను లాక్కోకముందే మాణెమ్మకు చేశాడు.

"ఎండలోనే పోయాడమ్మా. పన్నెండింటికి. పని చేయించకూడని వేళ. తల గౌస్ ఒళ్ళో ఉంది."



"గౌస్ భాయి ఉండెనా" అంది మాణెమ్మ. "మంచిది సారూ."

వ్యాను కదిలింది. అద్దంలోంచి జడ్సన్ వెనక్కి చూశాడు. బస్సు ముందు ఏబెల్ షీటును బానెట్ మీద పరిచి, నిండిన గడుల మీద పైనుంచి కిందికి గీత కొట్టాడు. పెన్ను ముసలి మేస్త్రీకి ఇచ్చాడు. నిజంగా ఎండలో పనిచేసిన వేళ ఎవరిది వాళ్ళే రాయాలని చెబుతున్నట్టున్నాడు. మేస్త్రీ పెన్నును పిడికిట్లో పట్టుకుని వంగాడు. అతని వెనక వరుస కట్టారు, పైవాళ్ళూ కిందివాళ్ళూ కలిసిపోయి.

"ఏం జూస్తున్నవ్, సార్?" అని గౌస్ అడిగాడు.

"రాస్తున్నారు" అన్నాడు జడ్సన్.