తొట్టి నిండేదాకా

ఏసమ్మ చక్రం పిడిని పొట్టకు ఆనించి తోసింది. అది అవతలికి పోగానే వంగి అందుకుని మళ్ళీ లాగింది. రేకుల షెడ్డులో గాలి ఆడడం లేదు. జర్మనీ యుద్ధం మొదలైన ఏడు మేడ్చల్ బజారులో సర్కారు పెట్టించిన యంత్రం అది. ఆమె తిప్పితే బావినీళ్ళు పైతొట్టి ఎక్కి, గొట్టాల్లో దిగి, వీధి నల్లాలకు వెళ్ళేవి. కింద ఒలికినవి కూడా వృథా పోకుండా సన్నకాలువలో పారి సడక్ పక్క వేపమొక్కలకు చేరేవి. షామీర్‌పేట బండ్లవాళ్ళు ఎద్దులకు తాపుతూ ఆ తెలివిని మెచ్చుకునేవారు. షెడ్డు వైపు ఎవరూ చూసేవారు కారు. బావి గట్టు తాకనివ్వని చేయి తోడిన నీళ్ళు ఇనుప గొట్టంలోంచి వస్తే ఎవరికీ అంటు కాలేదు.

ఆ పొద్దున గౌడవెల్లి బండి తోలే గండయ్య గుమ్మంలో నిలబడి కబురు చెప్పాడు. ఆమె కూతురు మార్తమ్మకు అక్కడి అత్తింట్లో తెల్లారగట్ల నొప్పులు మొదలయ్యాయట. అమ్మ కావాలని ఒకటే ఏడుపట. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. కానీ తను పొద్దంతా షెడ్డులో ఉంటే పురుడు పోసేదెవరని ఏసమ్మ బిడ్డను తెచ్చుకోలేకపోయింది.

"పొద్దు నెత్తిమీదికి రాంగనే బండి కడ్త. తయారుండు అక్కా, నీ మనుమడు నా ఎడ్ల లెక్క ఆగడు" అని నవ్వి పోయాడు గండయ్య.

బిడ్డ దగ్గరికి పోనిమ్మని మేస్త్రీ మొగులయ్యను అడిగింది.

"తొట్టి నింపి పో. నల్లాలెండితే ఊరంత నా మీదికొస్తది. పైన గొట్టం పొర్లిందంటే నిండినట్టే."

తిప్పింది. తొట్టిలోకి ఎక్కినంత నల్లాల్లోంచి దిగిపోతోంది. ఒకసారి బయటికొచ్చి, కాసేపు నల్లాలు కట్టెయ్యమని ఆడవాళ్ళను బతిమాలింది.

"నల్లా సర్కారుదా, నీదా?" అంది రుక్కమ్మ, రెండో బిందె కింద పెడుతూ.

మళ్ళీ చక్రం దగ్గరికి పోయింది. రవిక వీపుకు అతుక్కుంది. ఎడమ చేయి తిమ్మిరెక్కితే కుడిచేత్తో తిప్పింది. ఎండకు బజారు పలచబడిన వేళ, పైనుంచి గొట్టం బొళబొళ పొర్లడం మొదలైంది. ఏసమ్మ విని, కాస్త ఊపిరి తీసుకుందామని చక్రానికి ఆనుకుని కూర్చుంది.

గండయ్య వచ్చి బండి మీది నుంచే కేకేశాడు. పలుకు లేదు. పైగొట్టం ఇంకా చుక్కలు కారుతోంది గనక, తొట్టి నింపేసి తన కోసం ఆగక అడ్డదారిన పోయి ఉంటుందనుకుని ఎడ్లను అదిలించాడు. నల్లాలు మధ్యాహ్నమంతా ధారగా పడ్డాయి.

పొద్దు వాలేసరికి ధార సన్నబడి ఆగిపోయింది. బిడ్డను చూసి జల్దీ రాకపోతే ఇక పనిలోకి రానివ్వనని విసుక్కుంటూ, తనే చక్రం తిప్పుదామని మొగులయ్య షెడ్డు వైపు నడిచాడు. అప్పుడే గండయ్య బండి దిగాడు.

"ఏసమ్మక్క ఏది? ఆడపిల్ల పుట్టింది. తల్లి ఇంక రాలేదని మార్తమ్మ ఏడుస్తాంది."

"నీ బండ్లనే పోలేదా?" మొగులయ్య తలుపు తోశాడు. ఏసమ్మ కూర్చున్నట్టే ఉంది, కుడిచేయి పిడి మీదే. ఒళ్ళు చల్లబడి ఎంతసేపయిందో.

ఆమెను గండయ్య బండిలోనే తీసుకుపోయారు. షెడ్డులో తలుపు వెనక మేకుకు ఒక మూట మిగిలిపోయింది. పాతచీర చింపి ఉతికి మడిచిన పొత్తిగుడ్డలు, గుప్పెడు వాము, మూత బిగించిన ఆముదం బుడ్డి. చేతికి తగిలించుకుని పోవడానికి వీలుగా, పైన వదులుగా వేసిన ముడి.