ఔసేప్ కూర్చునే చోటు

పడవ పోటీల నెల వచ్చిందంటే ఆ ఊళ్లో మగాళ్లెవరూ ఇంటిపట్టున ఉండరు. చెప్పులు గట్టున విడిచి, పందేల కోసం కట్టిన పొడవాటి పాము పడవెక్కి, పొద్దుగూకేదాకా కాలవలో తెడ్లు వేస్తూనే ఉంటారు. ఆ పడవ ఎంత పొడుగో అంతగా మనుషుల మనసెరిగినది. తనను ఎవరూ లెక్కచేయడం లేదని లోపల కుమిలే మనిషి ఎక్కితే, వాడు కూర్చున్న చోట కుంగిపోతుంది. వాణ్ణి పిలిచి నాలుగు మంచి మాటలు చెబితే మళ్లీ తేలుతుంది. ఇది అక్కడ పిల్లలకు కూడా తెలుసు.

ఆ ఏడు తెడ్డు వేసే ఔసేప్ దగ్గర కుంగింది.

"ఏరా, ఎవర్రా నిన్ను చిన్నచూపు చూసింది?" అన్నాడు చుక్కాని పట్టే గురువు, కరుణన్ ఆశాన్.

"ఎవరూ లేరు ఆశాన్. నేను బాగానే ఉన్నా."

ఎవరూ నమ్మలేదు. టీకొట్టులో లేచి చోటిచ్చారు. పడవపాటలో అతని పేరు కలిపారు. చర్చిలో ఫాదర్ అందరి ముందూ అతని భుజబలాన్ని మెచ్చుకున్నారు. ఔసేప్‌కి ఒళ్లు పులకరించింది, కాస్త తలకెక్కింది కూడా. పడవ మాత్రం కుంగుతూనే ఉంది.

"రేపటికి తేలకపోతే నీ చోట ఇంకొకణ్ణి కూర్చోబెడతా. ఏమనుకోకు," అన్నాడు ఆశాన్.

ఆ చోటు ఔసేప్ తండ్రిది, అంతకుముందు తాతది. అది పోతే ఊళ్లో తలెత్తుకోలేడు. దిగులుగా ఆలోచిస్తుంటే ఒకటి తట్టింది. పొద్దున పడవ సరిగానే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిని ఎక్కాకే కుంగుతుంది.

మర్నాడు భార్య గట్టు మీదకి తెచ్చిన గిన్నె మూత తీసి తేరిపార చూశాడు. ఎర్రబియ్యం అన్నం, కుడంపులి అనే పుల్లటి ఎండుకాయ వేసి వండిన చేపల కూర. పెళ్లయిన నాటి నుంచీ అదే చేయి, అదే రుచి.

"ఏమే, కూర బాగుంది," అన్నాడు తినేసి.

ఆమె అనుమానంగా చూసింది. "పొద్దున్నుంచే కల్లు పట్టించారా?"

"లేదే! నీవల్ల నా చోటు పోయేలా ఉంది. అందుకని చెబుతున్నా."

"అందుకా," అంది ఆమె గిన్నె సర్దుకుంటూ.

ఆ పూట పడవ ఇంకో బెత్తెడు కుంగింది.

ఔసేప్‌కి సిగ్గేసింది. తెడ్డు పక్కన పెట్టి, గట్టెక్కి, ఇంటిదారి పట్టిన భార్యను వెనక్కి తీసుకొచ్చాడు. "ఆశాన్, బరువు నాది కాదు, ఈమెది. రోజూ తిని మోసుకొస్తున్నా, అంతే."

ఆమె చెప్పులు విడిచి ఎక్కి ఔసేప్ చోట కూర్చుంది. నీళ్లు పడవ అంచుదాకా వచ్చేశాయి. ఒక్కరూ నవ్వలేదు. భార్యలు తెచ్చిన తమ తమ గిన్నెల వంక చూసుకున్నారు.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు ఆశాన్. ఇన్నేళ్లూ ఆమె ఊరందరికీ ఔసేప్ భార్యే.

"ఏలిక్కుట్టి. పెళ్లికి ముందు మా నాన్న పడవ నేనే నడిపేదాన్ని."

ఆ సంగతి ఔసేప్‌కీ తెలియదు.

"అయితే చూపించమ్మా ఏలిక్కుట్టీ," అని ఆశాన్ తెడ్డు అందించాడు. ఆమె తెడ్డు వేసింది. పడవ మెల్లగా లేచి, నీటి మీద తిన్నగా నిలిచింది.

ఆ ఏడు పోటీలో ఆ చోట ఏలిక్కుట్టే కూర్చుంది. వంట చేసి, మధ్యాహ్నం గిన్నె పట్టుకుని గట్టు మీదకి వచ్చే పని ఔసేప్‌ది అయింది. మొదటి రోజు కూరలో ఉప్పెక్కువైందని అతనికి తెలుసు. అయినా ఆమె తింటున్నంతసేపూ పక్కనే నిలబడి మొహం వంకే చూశాడు.

ఆమె అంతా తిని చేయి కడుక్కుంది. "పులుపు బాగా కుదిరింది," అంది.

ఔసేప్ కాలవ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.