దించని శ్రుతి

మా ఇంట్లో శ్రుతిపెట్టె బాధ్యత నాది. పదకొండో ఏట నా చేతికొచ్చింది. అమ్మ కచేరీకి బయలుదేరుతుంటే వేన్నీళ్ల ఫ్లాస్కు నాన్న పట్టుకునేవాడు, పెట్టె నేను పట్టుకునేదాన్ని. వేదిక మీద అమ్మ వెనక కూర్చుని, పెట్టె మీదున్న గుండ్రటి మీటని ఆమె చెప్పిన అంకె దగ్గరికి తిప్పాలి. ఇక కచేరీ అయ్యేదాకా ఆ పెట్టె ఒకే స్వరం మోగిస్తూ ఉంటుంది. పాడేవాళ్లు దాన్ని పట్టుకునే పాడతారు. అంకె పెరిగితే పాట మొత్తం పైకి పోతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. ఇంతకు మించి సంగీతం తెలియకపోయినా ఈ కథకి వచ్చిన ఇబ్బందేమీ లేదు.

జనం అమ్మని వెండిగొంతు అనేవాళ్లు. ఆమె అంకె అయిదు. ముప్ఫై ఏళ్లు అదే అంకె మీద పాడింది. పై స్వరం మీద గొంతు నిలిపిందంటే ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు దగ్గు కూడా ఆపుకునేవాళ్లు. నేను వెండిగొంతు కూతుర్నని తెలిస్తే కిటకిటలాడే బస్సులో కూడా ఎవరో ఒకరు లేచి చోటిచ్చేవారు. అన్నేళ్లలో అమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నేను మీట ఎక్కడ పెట్టానో చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని ఆమెకి తోచి ఉండదు.

ఇప్పుడు అమ్మకి డెబ్భై తొమ్మిది. పాట మానేసి ఇరవై ఒక్క ఏళ్లయింది. మానేసింది పాడటం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు, నేర్పడం కూడా మానేసింది. అప్పటికి నేర్చుకుంటున్న ముగ్గురినీ చివరి కచేరీ మర్నాడే పంపేసింది.

"గొంతు పోతే పోనీ. చెవి పోయిన మనిషి ఇంకొకళ్లకి పాట చెప్పకూడదు. వాళ్లని కూడా చెడగొట్టినట్టవుతుంది," అంది.

చెవి పోయిందని తనకి తనే తీర్పు ఇచ్చుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పరీక్ష చేసి, ఈ వయసులో ఇంత మంచి చెవి తను చూడలేదన్నాడు. బయటికి వచ్చాక అమ్మ, "ఆయనకి బీప్ బీప్ తెలుసు. శ్రుతి ఏం తెలుసు పాపం," అంది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఎందుకంటే ఆమె చెవికి ఏమీ కాలేదని డాక్టరు కన్నా ముందు నాకు తెలుసు.

ఆ చివరి కచేరీ రోజున అమ్మకి యాభై ఎనిమిది, నాకు ముప్ఫై నాలుగు. అప్పటికే ఆమె వెనక కూర్చుని వంత పాడుతున్నాను కూడా. ఒక పాటైనా ఒంటరిగా పాడాలని నా కోరిక. నిర్వాహకుడు ఆ మాటే అమ్మని అడిగాడు. గది తలుపు అవతల నేనున్నానని ఇద్దరూ చూసుకోలేదు.

"అమ్మాయి చేత ఒకటి పాడిద్దామా అమ్మగారూ?"

"వద్దండీ. దాని గొంతు ఇంట్లో పాడుకోడానికి చాలు," అంది అమ్మ, కోపం లేకుండా, కూర ఉడికిందో లేదో చెబుతున్నంత మామూలుగా.

నాకు తల కొట్టేసినట్టయింది. పావుగంట తరవాత నన్ను పక్కకి పిలిచి మెల్లగా, "ఇవాళ గొంతు బరువుగా ఉందే. అర శ్రుతి దించు, నాలుగున్నరలో పెట్టు. ఎవరికీ చెప్పకు," అంది. వెండిగొంతు దిగిందంటే నలుగురూ ఏమనుకుంటారోనని ఆమె బెంగ. సరేనన్నాను. వేదికెక్కి మీట మీద చెయ్యి వేశాను. అయిదు మీద ఉన్నదాన్ని అయిదు మీదే ఉంచాను.

ఆమె పాట చెడాలని నేను అనుకోలేదు. కాస్త ఇబ్బంది పడాలి, అంతే. కాస్త ఇబ్బంది పడి, మధ్యలో నన్ను అందుకోమని సైగ చేయాలి. ఇరవై ఒక్క ఏళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్న మాట ఇది. ఇందులో నిజమెంతో నాకే తెలియదు.

వయొలిన్ ఆయన పెట్టె మోగిన స్వరానికే తీగలు కలుపుకున్నాడు. అమ్మ ఎంత మీద పాడాలనుకుందో ఆయనకేం తెలుసు? రెండు పాటలయ్యాయి. అమ్మ మెడ మీద చెమట కనపడుతోంది. పెద్ద పాట మొదలుపెట్టే ముందు తల కొంచెం నా వైపు వంచి, "దించావా?" అని అడిగింది.

తలూపాను.

ఆమె నన్ను నమ్మింది. తన చెవిని పక్కన పెట్టి నా తలూపుని నమ్మింది. పెద్ద పాట అని ఇంట్లో మేం పిలిచేది ఆమె గురువుగారు కట్టిన ముప్పావు గంట పాట. ఆయన దగ్గర దాన్ని పూర్తిగా నేర్చుకున్నది అమ్మ ఒక్కతే. అంతకు ముందు దాన్నెవరూ టేపు చేయలేదు, నా దాకా కూడా అది రాలేదు. వంతకి అవసరమైనంత వరకే చెప్పింది. ఆ పాటలో మూడు వంతుల్లో రెండు వంతులు దాటాక పై స్వరం మీద ఆమె గొంతు విరిగింది. మళ్లీ అందుకుంది, మళ్లీ విరిగింది. మూడోసారి ప్రయత్నించకుండా చేతులు జోడించి లేచిపోయింది. జనం జాలిపడి చప్పట్లు కొట్టారు.

కారులో అమ్మ నా భుజం మీద తల పెట్టింది. "శ్రుతి దించినా నాకు పైనే ఉన్నట్టు వినపడిందే. గొంతు కాదు, చెవి పోయింది," అంది. అప్పుడే చెప్పి ఉండాలి. కానీ అమ్మ అంతకు ముందెప్పుడూ నా మీద వాలలేదు. ఆ బరువు నాకు హాయిగా ఉంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, హాయిగానే ఉంది. ఆ రాత్రి చెప్పనిది మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది. ఏడాది గడిచాక చెప్పడానికి మొహం చెల్లలేదు. తరవాత నాకు పెళ్లయింది, అమ్మాయి పుట్టింది, నాన్న పోయాడు, అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. నేను బడి ఆఫీసులో గుమస్తాగా చేరి, పిల్లల హాజరు పట్టీలు తప్పుల్లేకుండా రాస్తానని మంచి పేరు తెచ్చుకున్నాను.

మా అమ్మాయికి పందొమ్మిది. అమ్మ దాన్ని పిచ్చుక అంటుంది. గొంతు నాది కాదు, అచ్చం అమ్మదే. కింద అంతస్తులో పాఠాలు చెప్పే టీచరు దగ్గర నేర్చుకుంది. అమ్మమ్మని ఎన్నిసార్లు బతిమాలిందో లెక్కలేదు. "నేను చెడిపోయిన గడియారాన్నే. నన్ను చూసి టైము పెట్టుకోకు," అని తోసేసేది అమ్మ.

మొన్న గురువారం రేడియోలో పాత టేపులు చూసే ఉద్యోగి ఒకాయన వచ్చాడు. చివరి కచేరీ టేపు దొరికిందని, శుభ్రం చేసి పెన్ డ్రైవులో తెచ్చానని అన్నాడు. అమ్మ ఆయనకి టీ ఇచ్చి, మర్యాదగా మాట్లాడి, పెన్ డ్రైవుని ముట్టుకోకుండా లోపలికి వెళ్లిపోయింది. పిచ్చుక మాత్రం దాన్ని ఫోనులోకి ఎక్కించుకుని రెండు రోజులు ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి తీయలేదు.

శనివారం నేను ఆఫీసు నించి వచ్చేసరికి ఫోను పట్టుకుని ఎదురొచ్చింది.

"అమ్మా, ఆ రోజు శ్రుతి నాలుగున్నరలో పెట్టావని అమ్మమ్మ చెప్పేది కదా? ఈ ఆప్‌లో అయిదు చూపిస్తోంది."

 నా నోరు కొంచెం కూడా తడబడలేదు.

"పాత టేపులు కదే. వేగంగా తిరుగుతాయి. వేగం పెరిగితే శ్రుతి పెరిగినట్టు వినిపిస్తుంది."

"అవునా," అంది. నమ్మేసింది. మూడు తరాల్లో నన్ను నమ్మని మనిషి ఒక్కరూ లేరు.

ఆదివారం పొద్దున పిచ్చుక ముందుగదిలో కూర్చుని టేపు వింటూ పెద్ద పాట సాధన మొదలుపెట్టింది. వచ్చే నెల దాని మొదటి కచేరీ. అందులో అదే పాడతానంది. టేపులో పాట తెగిన చోటి నించి ఏం చేస్తావని అడిగితే, "నాకు తోచింది అతికించుకుంటాను. ఏం చేయను మరి?" అంది.

వంటింట్లో అమ్మ బల్ల దగ్గర కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. నేను అంట్లు తోముతున్నాను. పిచ్చుక ఒక చోట తప్పు మలుపు తిప్పింది. అమ్మ పెదవులు కదిలాయి. సరైన మలుపు శబ్దం లేకుండా పాడుకుంది. కుడిచెయ్యి తాళానికి లేచి, సగంలో ఆగి, మళ్లీ బీన్స్ మీదికి దిగింది. పిచ్చుక అదే తప్పు మళ్లీ చేసింది. ఈసారి అమ్మ కళ్లు మూసుకుంది. ఆ పాట మొత్తం ఆమెలో ఉంది. ఆమెతోనే పోతుంది. దానికి కారణమైన నేను సబ్బు చేతులతో అక్కడే నిలబడి ఉన్నాను.

కుళాయి కట్టేశాను.

"అమ్మా, నీ చెవి పోలేదు."

"మళ్లీ డాక్టరా?"

"కాదు. ఆ రోజు నువ్వు అర శ్రుతి దించమన్నావు. నేను దించలేదు."

ఆమె చేతిలో ఉన్న బీన్స్ ఈనె తీయడం పూర్తి చేసింది.

"దించావా అని అడిగాను."

"అడిగావు."

"తలూపావు."

"అబద్ధం చెప్పాను."

ముందుగదిలో పాట ఆగిపోయింది. అమ్మ నా వైపు కాక గోడ వైపు చూస్తోంది.

"అయితే అది అయిదేనా?"

"అయిదే."

"నాకు అయిదే వినపడింది," అంది నెమ్మదిగా. మళ్లీ, "అయిదే వినపడింది నాకు," అంది. ఆమె మొహం వెలిగింది. నా చిన్నప్పుడు కచేరీ బాగా కుదిరిన రోజుల్లో చూసిన మొహం అది. ఆ కాసేపూ ఆమెకి నా తప్పు గుర్తులేదు, తన చెవి తనకి దక్కింది, అంతే. నాకు ఏడుపొచ్చింది. తరవాత ఆమె నా వైపు తిరిగింది.

"ఎందుకు?"

"నా గొంతు ఇంట్లో పాడుకోడానికి చాలన్నావు. తలుపు అవతల ఉండి విన్నాను."

"అన్నాను. నిజమే కదా."

"నిజమే," అన్నాను.

 తిడితే బాగుండునని చూశాను.

"నాకప్పుడు యాభై ఎనిమిది. నాలుగున్నరలో, నాలుగులో ఇంకో పదేళ్లు పాడేదాన్ని," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాళ్లు పట్టుకుని ఉండేదాన్ని. ఆ మాటకి ఏం పట్టుకోవాలో తెలియలేదు.

గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. ఎప్పటి నించి వింటోందో తెలియదు.

"టేపు వేగంగా తిరిగిందన్నావు," అంది నాతో.

 నా మొహం కాసేపు చూసి, చూపు తిప్పేసుకుంది.

అమ్మ లేచి చేతులు కడుక్కుని తుడుచుకుంది. "పద పిచ్చుకా. ఆ రెండో మలుపు తప్పు తిప్పుతున్నావు. పొద్దుటి నించీ చంపుతున్నావు నన్ను," అని ముందుగదిలోకి నడిచింది.

నా కాళ్లు వాటంతటవే అలమర దగ్గరికి వెళ్లాయి. పాత పెట్టెని కిందికి దించి, కొంగుతో దుమ్ము తుడిచి, ముందుగదిలోకి తీసుకొచ్చి, అమ్మ వెనక నా చోట్లో పెట్టబోయాను. చెయ్యి మీట మీదికి పోయింది.

"నువ్వు ముట్టుకోకు," అంది అమ్మ. గట్టిగా కూడా అనలేదు. "అది పెడుతుంది."

చెయ్యి తీసేశాను. పిచ్చుక పెట్టెని నా దగ్గర నించి లాక్కుని తన ముందు పెట్టుకుంది.

"ఎంతలో పెట్టను అమ్మమ్మా?"

"మూడు. అంతకు పైన నాకు అందదు ఇప్పుడు. నీకెంతో తరవాత చూద్దాం."

నేను వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగాను. పిచ్చుక మీట తిప్పింది. పెట్టె చాలా ఏళ్ల తరవాత మోగింది. స్వరం సరిగ్గా ఉంది, అది నాకు కూడా తెలుస్తోంది. అమ్మ పాడటానికి ఊపిరి తీసుకుని, ఆగింది. మెడలో వేలాడుతున్న కళ్లజోడు పెట్టుకుంది. పెట్టెని తన వైపు తిప్పుకుని, వంగి, అంకె మూడే అని కళ్లతో చూసుకుంది. ఆ తరవాతే నోరు తెరిచింది.