పదికి రెండు

"రెండు," అన్నాడు భర్త, మెడ మీది చెమట తుడుచుకుంటూ.

ఆమె పెన్ను అతని చేతికిచ్చింది. ఆ క్లినిక్‌లో పద్ధతి అది. మోకాలి నొప్పితో వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే, పొద్దున్న మెట్లు దిగినప్పుడు నొప్పి పదికి ఎంత ఉందో తమ కార్డులో తామే రాయాలి. మూడు లోపు ఉంటే వ్యాయామం పెరుగుతుంది, మూడు దాటితే ఉన్నచోటే ఆగుతుంది. అతను దర్జాగా రెండు వేసి కార్డు తిరిగిచ్చాడు. గంట క్రితం ఇదే మనిషి ఇంట్లో కమ్మీ పట్టుకుని, పీతలా పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగడం ఆమె వంటింటి గుమ్మంలోంచి చూసింది. పళ్ళ బిగువున ఆపుకున్న మూలుగు కూడా విన్నది. అది ఆరుకి తక్కువైతే తన పదేళ్ళ అనుభవాన్ని చెత్తబుట్టలో పారేయొచ్చు. ఇంకెవరైనా అయితే, "అబద్ధం చెప్తే నష్టం నాకు కాదు, మీ మోకాలికే" అని నవ్వుతూ కార్డు మళ్ళీ చేతిలో పెట్టేది. ఇవాళ పెట్టలేదు.

"మంచిది. అయితే రేపటి నుంచి గెంతులు," అంది. అనగానే కడుపు చల్లబడింది.

పొద్దున్నే పరిగెత్తే బృందానికి అతను కోచ్. క్లినిక్ బోర్డు మీద ఉండేదీ అతని పేరే. వెనక గదిలో మోకాళ్ళు బాగుచేసేది మాత్రం ఆమె. బరువులు పట్టించి, మూడు లెక్కపెట్టేలోపు కిందికి, మూడు లెక్కపెట్టేలోపు పైకి గుంజీలు తీయించేది ఆమె, నొప్పి తగ్గాక వాళ్ళు దండం పెట్టేది అతనికి. "మా ఆవిడ లెక్కపెడుతుంది, అంతే," అని కొత్తవాళ్ళకి పరిచయం చేస్తాడు. అందరూ నవ్వుతారు. చాలా ఏళ్ళు ఆమె కూడా నవ్వింది, ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతుంది.

పదకొండేళ్ళ క్రితం తనూ పరిగెత్తేది. అతనికన్నా బాగా పరిగెత్తేది, ఆ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఒకరోజు మోకాలి చిప్ప కింద, ఎముకని పట్టుకుని ఉండే ఆ గట్టి నరంలో, సూది గుచ్చినట్టు మొదలైంది. "పదికి ఆరుందండీ," అంటే అతను ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ఆరా? రెండుంటుంది. నువ్వు ప్రతిదీ పెంచి చెప్తావు," అన్నాడు. అత్తగారు ఒకడుగు ముందుకేసి, "పొద్దున్నే రోడ్డు మీద గెంతమని ఎవరేడ్చారు?" అంది. ఆమె పరుగు మానేసింది. ఎందుకు మానేశావని ఒక్కరూ అడగలేదు, మంచి పని చేశావన్నారు. నొప్పి మాత్రం మానలేదు. పడుకుంటే పోయే నొప్పి కాదది, మెల్లమెల్లగా బరువు మోయించి అలవాటు చేస్తేనే లొంగుతుంది. ఆ సంగతి తన ఒంటి మీదే నేర్చుకుంది. పాలు కాగేలోపు వంటింటి గోడకి వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు నలభై అయిదు సెకన్లు, అలా అయిదుసార్లు. "గోడకి బల్లిలా అంటుకుపోయావేంటే?" అనేది అత్తగారు. తర్వాత నీళ్ళ డబ్బా గుండెలకి హత్తుకుని గుంజీలు. ఏడాదికి నొప్పి పోయింది గానీ, పొద్దున్న పూట తిరిగి చేతికి రాలేదు. పిల్లల డబ్బాలు, అత్తగారి మాత్రలు, పరుగు నుంచి రాగానే అతనికి నీళ్ళు, అవీ చల్లగా కాదు, గోరువెచ్చగా. ఆ గోడ దగ్గర ఆమె నేర్చిన చదువే ఇప్పుడు అతని పేరుతో చిన్న పుస్తకమై క్లినిక్ బల్ల మీద కూర్చుంది.

అలాంటి మనిషికి, ఊళ్ళో ఏటా జరిగే పెద్ద పరుగు పందెం ఇంకా పది వారాలుందనగా మోకాలు పట్టేసింది. బృందం ముందు జెండా పట్టుకుని పరిగెత్తేది అతనే, దాని మీదే అతని ప్రాణమంతా. "నువ్వే చూడు. క్లినిక్ తెరవకముందే వస్తాను. మూడో మనిషికి తెలియకూడదు," అన్నాడు. నాలుగు వారాలు ఆమె ఏ కల్మషం లేకుండానే చూసింది. అయిదో వారంలో అతనికి తొందర పుట్టింది.

"ఈ గోడ దగ్గర కూర్చోవడాలు ముసలాళ్ళ వైద్యం. ఎప్పుడు గెంతిస్తావు?"

"తొందరపడితే మళ్ళీ మొదటికొస్తుందండీ."

"నాకే చెప్తున్నావా?"

ఆ మర్నాడే కార్డులో రెండు వేశాడు.

పాపమనిపించలేదా అంటే, అనిపించింది, ఒక సాయంత్రం పాటు. కార్డు తీసి, ఆ రెండు కొట్టేసి, నిజం చెప్పించి రాయిద్దామనుకుంది. సరిగ్గా అప్పుడే ముందు గదిలో ఎవరితోనో అతను, "మా ఆవిడ లెక్కపెడుతుంది, అంతే," అనడం వినపడింది. కార్డు సొరుగులో పెట్టి తాళం వేసింది. మర్నాటి నుంచి గెంతించింది, అతను కోరినట్టే, అతను రాసిన అంకెల ప్రకారమే. ఒకటి రాసిన రోజున ఎత్తు పీట మీంచి గెంతించింది.

తొమ్మిదో రోజు ఆదివారం. దూరం పరుగుకి ముందు బృందమంతా క్లినిక్ ముందు గదిలో చేరింది, ఇరవై మంది దాకా ఉంటారు. అతను జెండా అందుకుని గుమ్మం దిగబోయి, అబ్బా అని మోకాలు పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. అందరూ మూగారు. అతని మొహంలో నొప్పికన్నా ముందు సిగ్గు కనిపించింది, ఆ వెంటనే ఆ సిగ్గుని ఎవరి నెత్తిన రుద్దాలో కూడా తోచింది.

"ఈవిడేనండీ. గెంతించకూడని టైములో గెంతించింది. లెక్కపెట్టడం తప్ప ఏమీ రాదని నేను చెప్తూనే ఉన్నాను కదా!"

ఇద్దరు ముగ్గురు అలవాటుగా నవ్వారు. బృందంలోని టీచరమ్మ నవ్వలేదు. నిరుడు కుంటుకుంటూ వచ్చి, ఈ వెనక గదిలోనే బాగుపడిన మనిషి ఆవిడ. ఆమె సొరుగు తాళం తీసి, కార్డు టీచరమ్మ చేతిలో పెట్టింది.

"కొంచెం గట్టిగా చదవండి."

బళ్ళో హాజరు పిలిచే గొంతుతో టీచరమ్మ చదివింది. "రెండు. రెండు. ఒకటి. రెండు. ఒకటి. ఇదేంటండీ, అన్నీ కోచ్‌గారి చేతిరాతే!"

"నొప్పి ఆయనది. ఎంతంటే అంతని నమ్మాను. మొగుడి మాట నమ్మడం తప్పంటారా?" అని అందరి వైపూ చూసి, అతని వైపు తిరిగింది. "ఇప్పుడెంత?"

"ఎనిమిది," అన్నాడు, వినపడీ వినపడనట్టు.

ఎనిమిదా, రెండుంటుంది లెండి, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదకొండేళ్ళుగా నోట్లో నానుతున్న మాట. కానీ ఆ మాటంటే చాలు, అతను దాన్నే పట్టుకుని లేచి, జెండా అందుకుంటాడు. అతను ఎదురుచూస్తున్నదీ అదే. అంతకన్నా గట్టి దెబ్బ ఇంకొకటుంది.

"ఎనిమిదే. నేను నమ్ముతున్నాను. రాయండి," అంది.

ఇరవై మంది చూస్తుండగా రాశాడు.

"మూడు దాటితే పరుగు లేదు. మళ్ళీ గోడ దగ్గర నుంచి మొదలు, పన్నెండు వారాలు. జెండా ఈసారి టీచరమ్మగారు పట్టుకుంటారు."

ఎవరూ నవ్వలేదు. ఆమె వంగి లేసులు బిగించుకుంటుంటే గానీ, ఆమె కాళ్ళకి కొత్త బూట్లున్న సంగతి అతను గమనించలేదు. గెంతులు మొదలుపెట్టించిన రోజునే కొనుక్కుంది.

"నువ్వెక్కడికి?"

"వీళ్ళ వెనకే. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. ఇవాళ్టి నుంచి రోజూ పొద్దున్న."

"మరి ఇల్లు? రేపు పిల్లల డబ్బాలో?"

"నిలబడి చేసే పనులన్నీ మీ మోకాలికి మంచివే. పడుకుంటే ఇంకా పట్టేస్తుంది. వైద్యం చేస్తున్నదాన్ని, చెప్తున్నాను."

"అమ్మకి ఏ మాత్ర ఎప్పుడో నాకేం తెలుసు?"

"ఆవిణ్ణే అడగండి," అంది ఆమె తలుపు తీస్తూ. "ఎక్కడ నొప్పంటే అక్కడ, ఎంతంటే అంత. నమ్మండి."