పేనుకొరుకుడు

కూతురు పూజ తలలో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి నున్నగా కనబడగానే సావిత్రికి సంగతంతా తెలిసిపోయింది. పేనుకొరుకుడు! మరి పేను ఎక్కడిది? మొగుడు పోయాక పల్లె నుంచి మట్టెవాడకు వచ్చి తమ్ముడింట ఉంటున్న ఆడబిడ్డ రాజక్కది. నడుం దాటిన జుట్టు ఆవిడది. రోజూ పిల్లకు జడ వేసేది కూడా ఆవిడే.

సావిత్రి ఊరుకునే రకమా? రాజక్క దువ్వెనను చెత్తబండిలో పారేసింది. ఆమె పక్కబట్టలు వెనక వరండాలో పడేసింది. "పిల్లను ముట్టకు వదినె! నీ తలల పేన్లు మా పాణం తీస్తున్నయ్" అని వాడకట్టంతా వినేలా అరిచింది. రాజక్క వెళ్లి ఆ పక్కబట్టలను వరండా మూలకు సర్దుకుంది.

ఒక్క మచ్చ రెండయింది. అప్పుడు గానీ హనుమకొండ చర్మ డాక్టరు గుర్తుకు రాలేదు.

"పేను కాదమ్మా" అన్నాడు డాక్టరు. "మన ఒంట్ల కాపలా కణాలుంటయి. అవి పుట్టినప్పుడే వాటికి మన ఒంటి గుర్తులు చూపెడతది శరీరం. మనవాటి మీదికే ఎగబడేవాటిని అక్కడనే చంపేస్తది. కొన్ని తప్పించుకుంటయి. అవే ఇప్పుడు వెంట్రుకల కుదుళ్లను పరాయివనుకొని కొడుతున్నయ్. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు."

"మరి మా ఆడబిడ్డ పేన్లు..."

"ఆమెకూ దీనికీ సంబంధమే లేదు."

ఆటోలో సావిత్రికి సిగ్గుతో చచ్చినంత పనయింది. తప్పయింది వదినె, అని లోలోపల ఎన్నిసార్లో అనుకుంది. వాడకట్టు వినేలా అరిచిన నోటికి ఆ రెండు మాటలు బరువయ్యాయి.

ఇంటికి రాగానే వరండా మెట్టు మీది నుంచి రాజక్క లేచింది. తల మీది కొంగు జారింది. నున్నటి గుండు.

"తీయించేసిన సావిత్రీ. ఇగ పేన్లు ఏడుంటయ్? జర పిల్లకు జడ ఏయనీయవా?"

"పేన్లు కాదట అత్తమ్మా! నీ తప్పే లేదట!" అంది పూజ సంబరంగా.

రాజక్క చెయ్యి దానంతటదే గుండు మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

"తప్ప..." అని సగంలో ఆపి సావిత్రి లోపలికి నడిచింది. తన దువ్వెన తెచ్చి ఆమె చేతిలో పెట్టి, కింది మెట్టు మీద కూర్చుని, కొప్పు విప్పి తల వంచింది.

చాలాసేపటికి దువ్వెన కదిలింది. ఆ చెయ్యి ఎప్పటిలాగే మెత్తగా ఉంది. వంచిన తల ఎత్తడం సావిత్రి వల్ల కాలేదు.